పంచాయతీ అంత నగరం

పదవీ విరమణ చేసిన పంచాయతీ కార్యదర్శిని స్వర్గానికి తీసుకెళ్లినా ముందు మురుగు కాలువలే చూస్తాడని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. నిజమే కాబోలు. ఇంగ్లండ్‌లోని వెల్స్‌లో బస్సు దిగి హై స్ట్రీట్‌లో నడుస్తుంటే నా కళ్లు ముందుగా కాలువ మీదే పడ్డాయి. రోడ్డు అంచున సన్నటి రాతి కాలువ. అడుగున ఉన్న ఇసుక కనిపించేంత తేటగా నీళ్లు పరుగెడుతున్నాయి. ఎక్కడో పైపు పగిలిందనుకుని ఆగిపోయాను. ఇక్కడి నీటి సరఫరా ఎవరు చూస్తారో, ఎవరికి చెప్పాలో అని చుట్టూ చూశాను.

"నాన్నా, ఆ పైపు పగిలి అయిదు వందల డెబ్బై ఏళ్లు దాటింది. ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు," అంది అమ్మాయి.

తను బ్రిస్టల్‌లో నర్సు. అక్కడి నుంచి వెల్స్‌కు బస్సులో గంట పైనే పడుతుంది. రైలు లేదు. 1963లో ఈ ఊరికి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, మళ్లీ రాలేదు. పది పన్నెండు వేల జనాభా ఉన్న ఊరు. మన దగ్గరైతే ఒక మోస్తరు మేజర్ పంచాయతీ. ఇక్కడ దీన్ని నగరం అంటారు. లండన్ నడిబొడ్డున ఉన్న "సిటీ ఆఫ్ లండన్" అనే చిన్న ముక్కను పక్కన పెడితే, ఇంగ్లండ్‌లోని నగరాలన్నిటిలోకీ చిన్నది ఇదే. అందరూ ఇక్కడి కెథెడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి, చూడటానికి వస్తారు. నేనూ అందుకే బయలుదేరాను. రెండు రాత్రులు ఉండి, ఎక్కువ సేపు కౌన్సిల్ నోటీసు బోర్డు ముందూ టౌన్ హాల్ లోపలా గడిపాను.

ముందు ఆ నీళ్ల సంగతి. ఊరి పేరుకు అర్థమే బావులు, ఊటలు. ఆ ఊటలు బిషప్ గారి ప్యాలెస్ తోటలో ఉన్నాయి, అంటే నీళ్లు బిషప్ సొత్తు. 1451లో థామస్ బెకింగ్టన్ అనే బిషప్ తన తోటలోని ఊట నుంచి మార్కెట్ కూడలి దాకా గొట్టం వేసుకునేందుకు పట్టణవాసులకు అనుమతి ఇచ్చాడు. మిగులు నీళ్లు వీధి వెంట పారతాయి. ఈనాటికీ పారుతున్నది ఆ మిగులే. కుళాయి పన్ను లేదు గానీ షరతు ఒకటి పెట్టాడు. ఏడాదికొకసారి ఊరి పెద్దలు అతని సమాధి దగ్గరికి వెళ్లి ఆత్మశాంతికి ప్రార్థన చేయాలి. ఆ సమాధి కెథెడ్రల్‌లో ఉంది, తాను బతికుండగానే కట్టించుకున్నాడు. పై అరలో బిషప్ దుస్తుల్లో నిండుగా పడుకుని ఉంటాడు. కింది అరలో అదే మనిషి ఎముకల గూడులా కుళ్లిన శవమై కనిపిస్తాడు. పదవిలో ఉండగానే పదవీ విరమణ తరువాతి సంగతి ఇంత స్పష్టంగా చెక్కించుకున్న అధికారిని నేనింకెక్కడా చూడలేదు.

అందరు బిషప్పులూ ఇంత ఉదారులు కారు. బెకింగ్టన్‌కు వంద ఏళ్ల ముందు, 1340ల ప్రాంతంలో, రాల్ఫ్ అనే బిషప్ తన ప్యాలెస్ చుట్టూ కోట గోడ కట్టి అగడ్త తవ్వించాడు. శత్రువు ఏ ఫ్రాన్స్ నుంచో వస్తాడని కాదు. పన్నుల మీదా హక్కుల మీదా ఊరివాళ్లతోనే తగవు. ఊరు సొంతంగా పాలించుకుంటామంటే బిషప్ ఒప్పుకోలేదు. ఆ అగడ్త పక్కన బల్ల మీద కూర్చుని మేము పులిహోర తిన్నాం. నీళ్లలో హంసలు. ప్యాలెస్ ద్వారం దగ్గర గోడకు ఒక గంట, దానికి వేలాడే తాడు. ఆకలేసినప్పుడు హంస వచ్చి ముక్కుతో తాడు లాగితే పైనుంచి తిండి వస్తుంది. 1850ల నాటి బిషప్ కుమార్తె నేర్పిన విద్య అట. ధర్మగంట కథలో ఆవు లాగిన తాడు గుర్తుకొచ్చింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత త్వరగా పరిష్కారమైన అర్జీ ఒక్కటీ లేదు.

బిషప్ నీడలోంచి ఊరు మెల్లగా బయటపడింది. 1201లో జాన్ రాజు ఊరికి హక్కులిస్తూ పట్టా ఇచ్చాడు. 1589లో మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన మరో పట్టాతో పాలన గట్టిపడింది. అయినా కెథెడ్రల్ చుట్టూ ఉన్న భాగం "లిబర్టీ" అనే పేరుతో చాలా కాలం ఊరి పాలనకు బయటే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ పేరుతో ఒక వీధి ఉంది. మార్కెట్ కూడలి మూలన పెనిలెస్ పోర్చ్ అనే పాత రాతి ద్వారం కనిపిస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు కూర్చుని అడుక్కునే చోటు కనుక ఆ పేరు. దాన్ని దాటి అవతల అడుగు పెడితే కెథెడ్రల్ పచ్చిక. పది అడుగుల్లో ఒక పాలన నుంచి మరో పాలనలోకి వెళ్లిన కాలాన్ని ఊహించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

రెండో రోజు ఉదయం టౌన్ హాల్ బయట నోటీసు బోర్డు చదివాను. 1779లో కట్టిన భవనం, మార్కెట్ కూడలిలోనే ఉంది. బోర్డు మీద ఆ సాయంత్రం జరిగే సమావేశం అజెండా అంటించి ఉంది. చట్టం ప్రకారం సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందే నోటీసు పెట్టాలి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఈ రెండో హక్కు వెనుక ఒక ముచ్చట ఉంది. తరువాత ప్రధాని అయిన మార్గరెట్ థాచర్, పార్లమెంటుకు కొత్తగా ఎన్నికై 1960లో తొలి ప్రసంగంలోనే ప్రవేశపెట్టిన బిల్లు, స్థానిక సంస్థల సమావేశాలకు ప్రజలనూ పత్రికలవారినీ రానివ్వాలన్నదే. తరువాతి కాలంలో స్థానిక సంస్థల అధికారాలను ఆమె ఎంతగా కత్తిరించిందో తెలిసినవాళ్లకు ఇది కాస్త వింతగా ఉంటుంది.

"నాన్నా, సెలవు పెట్టి మరీ నిన్ను తీసుకొచ్చింది కౌన్సిల్ సమావేశానికా?" అంది అమ్మాయి. తనను కాఫీ దుకాణంలో కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను.

ప్రేక్షకుల కుర్చీల్లో నాతో కలిపి నలుగురం. మెడలో గొలుసుతో మేయర్, చుట్టూ సభ్యులు, పక్కన దస్త్రాలతో క్లర్క్. ఆ క్లర్క్ పదవే మన కార్యదర్శి పదవి. తీర్మానం రాయాలి, లెక్కలు చూడాలి, ఫలానా పని మీ పరిధిలో లేదని సభ్యులకు నొప్పి తగలకుండా చెప్పాలి. ఆ కుర్చీ వైపు చూస్తుంటే చేతిలో పెన్ను లేని లోటు తెలిసింది. మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకోరు. సభ్యులే తమలో ఒకరిని ఏడాదికి ఎన్నుకుంటారు. సర్పంచికి ఉండే చెక్కు పవర్ లాంటిదేమీ లేదు, గౌరవమే ఎక్కువ.

మొదట ప్రజలకు కొద్ది నిమిషాల సమయం ఇచ్చారు. ఒక పెద్దాయన లేచి తన వీధిలో గుంతల గురించి మాట్లాడాడు. మర్యాదగా విన్నారు. విన్నాక, రోడ్లు తమ చేతిలో లేవని, ఈ ప్రాంతమంతటికీ పెద్ద కౌన్సిల్ అయిన సోమర్సెట్ కౌన్సిల్‌కు రాస్తామని చెప్పారు. ఆ మాట ఆయన అంతకుముందే చాలాసార్లు విన్నట్టుంది, మారు పలకకుండా కూర్చున్నాడు. తరువాత ఒక పాత ఇంటి కిటికీలు మార్చుకోవడానికి పెట్టిన దరఖాస్తు. పావుగంట చర్చ. చెక్క చట్రమా, మరొకటా, వీధి అందం ఏమవుతుంది? పాత ఇళ్ల ఊళ్లో కిటికీ చిన్న విషయం కాదని అర్థమైంది. చివరికి అభ్యంతరం లేదని తేల్చారు. ఇంత చేసి వీళ్లు ఇచ్చింది అభిప్రాయమే. అనుమతి ఇచ్చేది మళ్లీ సోమర్సెట్ కౌన్సిలే. దాని ప్రధాన కార్యాలయం టాంటన్‌లో, సుమారు నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది.

గుట్టు ఇక్కడే ఉంది. వెల్స్‌కు నగరమనే బిరుదు ఉంది, మేయర్ ఉన్నారు, ఎనిమిది శతాబ్దాల పట్టాలు ఉన్నాయి. చట్టం దృష్టిలో మాత్రం వెల్స్ సిటీ కౌన్సిల్ ఒక పారిష్ కౌన్సిల్. అంటే అన్నిటికంటే కింది మెట్టు, పల్లెటూరి కౌన్సిల్‌తో సమానం. 1974 దాకా ఇది పూర్తి స్థాయి మున్సిపాలిటీ. ఆ ఏడాది దేశమంతటా స్థానిక సంస్థలను తిరగరాసినప్పుడు అధికారాలు మెండిప్ జిల్లా కౌన్సిల్‌కు వెళ్లాయి, దాని కార్యాలయం పక్క ఊరు షెప్టన్ మాలెట్‌లో. బిరుదు పోకుండా రెండో ఎలిజబెత్ రాణి ప్రత్యేకంగా పత్రం ఇచ్చింది. 2023 ఏప్రిల్ 1న మెండిప్‌తో సహా నాలుగు జిల్లా కౌన్సిళ్లనూ పాత కౌంటీ కౌన్సిల్‌నూ కలిపి ఒకే సోమర్సెట్ కౌన్సిల్ చేశారు. సభ్యులు 110 మంది. వెల్స్ అధికారం తొమ్మిది కిలోమీటర్ల దూరం నుంచి నలభై అయిదు కిలోమీటర్ల దూరానికి జరిగింది.

బిరుదు కాపాడుకోవడమే గొప్పా అని కొట్టిపారేయకండి. కెంట్‌లోని రోచెస్టర్‌కూ కెథెడ్రల్ ఉంది, క్రీస్తుశకం 604 నాటి పీఠం. 1998లో అక్కడి సంస్థలను కలిపేసినప్పుడు బిరుదును కాపాడే ధర్మకర్తలను నియమించాలనే చిన్న కాగితం పని చేయలేదు. నగర హోదా పోయింది. పోయిన సంగతి 2002లో గాని బయటపడలేదు. ఒక్క తీర్మానం మరిచిపోతే ఏమవుతుందని మా సర్పంచులు అడిగినప్పుడు చెప్పడానికి ఈ ఉదాహరణ నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

సమావేశం ముగిశాక గుంతల పెద్దాయన నాతో మాట కలిపాడు. నేను పంచాయతీలో పనిచేశానని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. పన్నుల గురించి అడిగాను. ఇక్కడ ఇంటి పన్నుకు ఇళ్లను ఎనిమిది తరగతులుగా విడగొట్టారు. విలువ కట్టింది 1991 ఏప్రిల్ 1 నాటి ధరలతో. నిన్న కట్టిన ఇల్లయినా 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో లెక్కేస్తారు. మా బిల్ కలెక్టర్లు వింటే దండం పెడతారు. డిమాండ్ నోటీసులో ఎవరి వాటా ఎంతో విడివిడిగా ఉంటుంది: సోమర్సెట్ కౌన్సిల్, పోలీసు, అగ్నిమాపక శాఖ, ఊరి కౌన్సిల్. వసూలు చేసేది పెద్ద కౌన్సిలే. ఊరి వాటా చిన్నది, అయితే పెరుగుతున్నది అదేనట.

కారణం వినగానే నాకు కొత్తగా అనిపించలేదు. 2023 నవంబరులో, అంటే పుట్టిన ఏడు నెలలకే, సోమర్సెట్ కౌన్సిల్ ఆర్థిక అత్యవసర స్థితి ప్రకటించింది. వృద్ధుల, పిల్లల సంరక్షణ ఖర్చు మీదపడింది. చట్టం తప్పనిసరి చేసిన ఆ పనులు ఆపలేరు. అందుకని తప్పనిసరి కాని మరుగుదొడ్లు, పార్కులు, గడ్డి కోత లాంటివి మీరు చూసుకుంటారా, లేకపోతే ఆగిపోవచ్చు అని చిన్న ఊళ్ల కౌన్సిళ్లను అడిగింది. పెద్ద కౌన్సిల్ ఒక హద్దు దాటి పన్ను పెంచాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పారిష్ కౌన్సిళ్లకు ప్రభుత్వం ఆ హద్దు పెట్టలేదు. అలా పని కిందికి జారింది, దానితో పన్నూ జారింది. నిర్ణయాలు మాత్రం టాంటన్‌లోనే ఉన్నాయి. మన రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు రాసిపెట్టింది. ఎన్ని నిజంగా చేతికొచ్చాయో నేను చెప్పనక్కర లేదు. వీళ్లకు అంత పెద్ద జాబితా లేదు, ఇచ్చిన నాలుగు పనులకు మాత్రం లెక్క అడుగుతారు.

"మీ సమావేశాలు ఎక్కడ జరిగేవి?" అని పెద్దాయన అడిగాడు. ఒక్కోసారి రావిచెట్టు కింద అన్నాను. ఇక్కడ మద్యం అమ్మే చోట పెట్టకూడదు, వేరే గది అందుబాటు ధరకు దొరకకపోతేనే పెట్టవచ్చు అని చట్టంలో ఉందని చెప్పి నవ్వాడు. ఆ వాక్యం రాసిన గుమస్తా ఏ సమావేశం గుర్తుకొచ్చి రాశాడో! కొసమెరుపు ఏమిటంటే హై స్ట్రీట్‌లో ఉన్న ఒక పాత మద్యశాల ఒకప్పుడు ఊరి జైలు.

కెథెడ్రల్ చూడలేదని అనుకోకండి. చూశాను. పడమటి గోడ మీద సుమారు మూడు వందల శిల్పాలు, లోపల గోపురం బరువుకు నేల కుంగితే 1338లో మొదలుపెట్టి పదేళ్లు కట్టిన కత్తెర ఆకారపు ఆర్చీలు. వాటి కింద నిలబడి తల ఎత్తితే మనసు నిజంగానే ఆగుతుంది. అయితే వాటి గురించి రాసినవాళ్లు వేలమంది ఉన్నారు. నాకు గడియారం నచ్చింది. 1390 ప్రాంతానిది. పావుగంటకొకసారి పైన చిన్న అశ్వికులు గిర్రున తిరుగుతూ పోట్లాడుకుంటారు. ప్రతిసారీ ఒకే వీరుడు కింద పడతాడు. ఆరు వందల ఏళ్లుగా పడుతూనే ఉన్నాడు. "ఇతను మీ ఊరి ప్రతిపక్ష వార్డు మెంబరు," అంది అమ్మాయి.

మూడో రోజు బుధవారం, సంత రోజు. మార్కెట్ కూడలిలో గుడారాలు వేసి జున్ను, రొట్టెలు, మొక్కలు అమ్ముతున్నారు. కాలిబాట మీద ఒకచోట ఈ ఊళ్లో పుట్టిన మేరీ ర్యాండ్ 1964 టోక్యో ఒలింపిక్స్ లాంగ్ జంప్‌లో 6.76 మీటర్లు దూకిన దూరం గుర్తు పెట్టి ఉంది. నేను అడుగులతో కొలుస్తుంటే అమ్మాయి సిగ్గుపడి దూరంగా జరిగింది.

బస్సు దగ్గరికి వెళుతుంటే హై స్ట్రీట్ కాలువలో ఒకచోట కాగితపు సంచి అడ్డం పడి నీళ్లు రోడ్డు మీదికి పొర్లుతున్నాయి. ఎదుటి కొట్టాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇది ఎవరు తీయాలి అని అడిగాను. రోడ్డయితే టాంటన్, చెత్తయితే టాంటన్, నీళ్లయితే ఎవరో తనకూ తెలియదన్నాడు. అంటూనే వంగి సంచి తీసి లోపలికి పట్టుకెళ్లాడు. నీళ్లు మళ్లీ కాలువలోకి సర్దుకున్నాయి. మా బస్సు వచ్చింది.