ముందు మాటలకు చోటు వదులు

మా పక్క షాపు టైలరన్న కూతురు ఇంటర్ సెకండియర్. బొమ్మలు బాగా వేస్తుంది, కామిక్స్ ఆర్టిస్టు అవుతానంటోంది. పోయిన వారం నోట్‌బుక్ తెచ్చి చూపించింది గానీ, మధ్యలో శుభలేఖల వాళ్లు వచ్చి కూర్చున్నారు. ఏ తాతగారి పేరు పైన ఉండాలో తేలక వాళ్లలో వాళ్లకు పంచాయితీ. దాంతో ఆ పిల్లకు చెప్పాల్సింది సగంలోనే ఆగిపోయింది. మిగతాది ఇక్కడ రాసి లింకు పంపిస్తున్నా. బొమ్మల పిచ్చి ఉన్న పిల్లలు మీ ఇళ్లలో ఉంటే వాళ్లకూ చూపించండి.

కొత్తగా చదువుతున్నవాళ్లకు నా గురించి రెండు ముక్కలు. హన్మకొండ చౌరస్తా దగ్గర నాకు డీటీపీ సెంటర్ ఉంది. పగలు శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. రాత్రిపూట పిల్లల కథలకు బొమ్మలు, అప్పుడప్పుడు కామిక్స్ పేజీలు. నేనేమీ పేరున్న ఆర్టిస్టును కాను. కానీ తెలుగు అక్షరాన్ని కాగితం మీద కుదురుగా కూర్చోబెట్టడమే నా బతుకుతెరువు. కాబట్టి నా సలహాలన్నీ అటువైపు నుంచే వస్తాయి.

ఇక నీతో మాట్లాడతా.

నీ బుక్కులో ముఖాలు బాగున్నాయి. కళ్లు, జుట్టు, ముక్కు పక్కన నీడ, అన్నీ కుదిరాయి. చేయి తిరిగింది, అందులో అనుమానం లేదు. "నిజంగా బాగున్నాయా అక్కా?" అని ఇంకోసారి అడగకు. నేను ఆగిపోయింది చివర్లో ఉన్న అన్నాచెల్లెళ్ల కథ దగ్గర. చెల్లి "నా ఫోన్ ఎందుకు తీశావ్?" అంటుంది, అన్న "నేను తియ్యలేదు" అంటాడు. కానీ నేను చదివినప్పుడు ముందు అన్న తియ్యలేదన్నాడు, ఆ తర్వాత చెల్లి అడిగింది. ఇదేంట్రా బాబూ అని పేజీని తిప్పి తిప్పి చూస్తే అప్పుడు వెలిగింది. జపాన్ కామిక్స్ ఫోన్‌లో చదివీ చదివీ, నువ్వు కూడా గడులను కుడి నుంచి ఎడమకు పేర్చావు. వాళ్ల పుస్తకాలు అటు నుంచే చదువుతారు, వాళ్లకది సరిపోతుంది. మన చూపు ఎడమ నుంచి కుడికి పోతుంది. గడులు ఒక దిక్కుకు, వాటిలో అక్షరాలు ఇంకో దిక్కుకు పోతుంటే చదివేవాళ్లకు కథ ఎట్లా అందుతుంది?

ఇది గడులు తిరగేస్తే పోయే ఇబ్బంది కాదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నా. నువ్వు ముందు బొమ్మ పూర్తిగా వేసి, మిగిలిన సందులో మాటలు ఇరికిస్తున్నావు. దాన్ని తిరగెయ్యాలి. ముందు గడిలో ఎవరు ఏమంటున్నారో పెన్సిల్‌తో రాయి. ఆ మాటల చుట్టూ బుడగ గీయి. ఆ తర్వాత మిగిలిన చోటులో మనుషులను వెయ్యి. అప్పుడు నీకే తెలుస్తుంది, ముందు మాట్లాడేది చెల్లి అయితే చెల్లి ఎడమ పక్కనే నిలబడాలని. లేకపోతే బుడగల తోకలు ఒకదానిమీదుగా ఒకటి పోయి కత్తెర పడతాయి. అంటే ఎవరు ఎక్కడ నిలబడాలన్నది కూడా మాటలను బట్టే తేలుతుంది.

తెలుగుకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కామిక్స్‌లో మాటలు ఎక్కువగా అన్నీ పెద్దక్షరాల్లోనే ఉంటాయి, ఒకే ఎత్తు. వరుసలు దగ్గరదగ్గరగా పెట్టినా నడుస్తుంది. మనకు అక్షరం నెత్తిన గుడి, దీర్ఘం, కింద వత్తు. "స్త్రీ" అని రాసి, దాని కిందే మళ్లీ "స్త్రీ" అని రాసి చూడు. పై వరుస వత్తులు, కింది వరుస గుడిదీర్ఘం వచ్చి గుద్దుకుంటాయి. అందుకే బుడగ ఎంత కావాలనుకుంటావో దానికి ఇంకో సగం కలిపి వదిలిపెట్టు. ఒక బుడగలో రెండు చిన్న వాక్యాలు దాటితే కథలోనే కత్తిరించు. అన్న ఐదు వరుసల ఉపన్యాసం ఇస్తుంటే ఆ గడిలో బొమ్మ ఎందుకసలు?

అరుపు చూపించడానికి మనకు పెద్దక్షరాలు లేవు. అక్షరం లావు పెంచాలి, సైజు పెంచాలి, బుడగ అంచును ముళ్లుముళ్లుగా గియ్యాలి. చేత్తో రాస్తే ఇవన్నీ సులువు. బాపు చేతిరాత ఫాంటుగా మారి ఇవాళ్టికీ శుభలేఖల మీద తిరుగుతోందంటే, బొమ్మ వేసే చెయ్యే అక్షరమూ రాస్తే ఎంత కలిసిపోతుందో చూడు. నీ మొదటి కథకు ఫాంటు జోలికి పోకు, చేత్తోనే రాయి. తర్వాత కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రవిప్రకాశ్, లక్కిరెడ్డి లాంటివి ఉచితంగా దొరుకుతాయి, చేతిరాత పోకడ ఉన్నవి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకు జారితే ఫాంటును తిట్టకు. పాత ఫోటోషాప్ అయితే సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల ఆప్షన్ ఆన్ చెయ్యాలి, అంతే.

ఇంకో మాట, కొంచెం నొప్పించేదే. నీ కథలో చెల్లికి, ఆమె ఫ్రెండుకు జుట్టు చెరిపేస్తే ఎవరెవరో తెలియదు. ముఖం ఒకటే అచ్చు. బస్టాండుకు పోయి ఒక గంట కూర్చో. ముఖాలు వెయ్యకు, మనుషులు నిలబడే తీరు వెయ్యి. పిల్లను చంకనేసుకున్న ఆమె నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. పరకాల బస్సు కోసం చూసే ముసలాయన సంచిని కాళ్ల మధ్య పెట్టుకుంటాడు. కాలేజీ పిల్లలైతే ఒకరి మీద ఒకరు వాలి నిలబడతారు. మనిషిని దూరం నుంచి నీడలా చూసినా ఎవరో గుర్తుపట్టేలా ఉండాలి.

ఈ విషయంలో చేర్యాల నకాశీ పటాలు చూడు. జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలోనే చేర్యాల. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాయే, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. ఖాదీ బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతపూసి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. దానికి జీఐ గుర్తింపు, అంటే ఈ కళ ఈ ప్రాంతానిదే అన్న ముద్ర, కూడా ఉంది. ఇప్పుడు గోడకు తగిలించుకునే చిన్న పటాలు, మాస్కులు ఎక్కువ అమ్ముడుపోతున్నాయి గానీ, అసలు పటం మూడడుగుల వెడల్పుతో గజాలకు గజాలు పొడుగుంటుంది. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పాడేవాళ్లు. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు, కూనపులి వాళ్లు పద్మశాలీలకు, ఇట్లా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. నీడలు లేవు, ముఖంలో పెద్ద తేడాలూ లేవు. అయినా బట్టను, నగను, నిలబడ్డ తీరును బట్టి ఎవరెవరో వెనక వరుసలో కూర్చున్నవాడికీ తెలిసిపోతుంది.

నువ్వు ఫోన్‌లో వేలితో పైకి జరుపుతూ చదివే కొరియా కామిక్స్ ఉన్నాయే, అవీ ఆ పటమూ ఒకటే తీరు. కింద ఏముందో విప్పితేగానీ తెలియదు. ఫోన్ కోసం వేస్తే వెడల్పు మామూలుగా 800 పిక్సెళ్లు, పొడుగుకు లెక్కలేదు. రెండు గడుల మధ్య ఖాళీ ఎంత వదిలితే అంత సమయం గడిచినట్టు. చెల్లి అడిగిన తర్వాత కొంచెం ఖాళీ వదిలి, అప్పుడు అన్న జవాబు పెట్టు. అబద్ధమాడుతున్నాడని వేరే చెప్పనక్కర్లేదు.

సామాను గురించి మీ డాడీ నన్ను అడిగాడు, పెన్ టాబ్లెట్ కొనాలా అని. ఇప్పుడొద్దు. హెచ్‌బీ పెన్సిల్, జిరాక్స్ కాగితం, ఒక మంచి నల్ల పెన్ను చాలు. కంప్యూటర్‌లో వెయ్యాలనిపిస్తే క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో పాత సిస్టం ఉంటే మౌస్‌తోనైనా రంగులు నింపుకోవచ్చు. పనిముట్టు లేక ఆగిపోయినవాళ్ల కంటే, కొత్త పనిముట్టు సెట్టింగులు చూసుకుంటూ కథ మర్చిపోయినవాళ్లనే నేను ఎక్కువ చూశా.

ఇప్పుడు పని చెబుతా. ఒక ఏ4 కాగితం తీసుకుని ఎనిమిది గడులు వచ్చేలా మడువు. విప్పి, మధ్య మడత మీద నడిమి రెండు గడుల పొడవున మాత్రమే కత్తిరించు. మళ్లీ నిలువునా సగానికి మడిచి రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెట్టితే చిన్న పుస్తకమవుతుంది. పిన్ను, జిగురు ఏమీ అక్కర్లేదు. ముందట్ట, వెనకట్ట పోను కథకు ఆరు పేజీలు. ముందు ఖాళీ కాగితం మీద మడిచి, పేజీ నంబర్లు వేసి, విప్పి చూడు. ఒక వరుస తలకిందులుగా ఉంటుంది, గాభరాపడకు, అట్లాగే ఉండాలి. పేజీకి రెండు గడులు, మహా అయితే మూడు. పెన్సిల్ షేడింగ్ వెయ్యకు, జిరాక్స్‌లో మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఏ3 మీద పెద్దగా వేసి ఏ4కు తగ్గిస్తే పొడుగూ వెడల్పూ దాదాపు 70 శాతానికి వస్తాయి, గీతలూ అంతే సన్నబడతాయి. కాబట్టి అక్షరాన్ని, గీతను ముందే కొంచెం లావుగా పెట్టు.

ఆరు పేజీల్లో కథ ముగియాలి. "మిగతా రెండో భాగంలో" అంటే ఊరుకోను. నీ బుక్కులో రాజ్యాలు, ఏడు వంశాలు, వాళ్ల కత్తుల పేర్లు అన్నీ రాసి పెట్టుకున్నావు, కథ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఏడు వంశాలూ ఎక్కడికీ పోవు. ముందు ఫోన్ ఎవరు తీశారో తేల్చు.

ఆఫ్‌సెట్‌లో అచ్చు వేయించే రోజు వస్తే అప్పుడు నా దగ్గరికి రా. పేజీలు నాలుగుతో భాగించబడాలి, అంచున మూడు మిల్లీమీటర్లు కోతకు వదలాలి. నల్ల అక్షరం నల్ల ఇంకు ఒక్కదానితోనే పడాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన ఎర్రంచో నీలంచో కనబడుతుంది, చదివితే కళ్లు మంట. ఇదంతా ఇప్పుడు బట్టీపట్టకు.

"గీ బొమ్మలతోని బతుకుతదా అక్కా?" అని మీ డాడీ అడిగాడు. నీళ్లు నమలకుండా చెప్పా. తెలుగులో కామిక్స్ ఒక్కదానితోనే ఇల్లు గడవడం కష్టమన్నా. నాకే శుభలేఖలు లేకపోతే షాపు అద్దె వెళ్లదు. కానీ గడుల్లో కథ చెప్పడం వచ్చినవాళ్లకు యానిమేషన్‌లో స్టోరీబోర్డులు (సీన్లను ముందే గడుల్లో గీసిచ్చే పని), ప్రకటనలు, పిల్లల పుస్తకాలు ఉన్నాయి. చదువుకూ దారులున్నాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే ఆర్కిటెక్చర్, ఫైన్‌ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్‌ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, దానికి ఎఫ్‌ఏడీఈఈ అని వేరే ఎంట్రెన్స్. ఐఐటీల్లో డిజైన్ చదవాలంటే యూసీడ్ అనే ఎంట్రెన్స్ రాయాలి, ఇంటర్‌లో ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు. కాబట్టి ఎంపీసీ తీసుకుని తప్పు చేశానన్న టెన్షన్ నీకొద్దు. ఇంటర్ మాత్రం మంచి మార్కులతో పాసవ్వు. మీ డాడీ ముందు నేను తలెత్తుకోవాలి.

ఎవరైనా బొమ్మలు వేసివ్వమని అడిగితే బొమ్మకు ఎంత, ఎన్నిసార్లు మార్పులు, ఒరిజినల్ ఎవరిది, హక్కులు ఎవరివి, ఇవి ముందే రాయించుకో. కాగితం లేకపోతే వాట్సాప్ మెసేజైనా సరే. "నీకు పేరొస్తదమ్మా" అన్నవాళ్ల దగ్గర అడ్వాన్సు ఇంకా గట్టిగా అడుగు. ఒక పెద్దమనిషి తన పుస్తకానికి నాతో బొమ్మలన్నీ వేయించుకుని, ఆవిష్కరణ సభలో శాలువా కప్పి పంపించాడు. శాలువా ఇంకా బీరువాలోనే ఉంది. డబ్బులు రాలేదు.

ఏఐ వచ్చాక బొమ్మలు ఎవరికి కావాలని కూడా అడిగావు. నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు ఏఐ బొమ్మతో ఫ్లెక్సీ కోసం వస్తున్నారు. చాలావాటిలో తెలుగు అక్షరాలు ఏ భాషవో దేవుడికే తెలియాలి, చెరిపి రాయడానికి నేను డబ్బులు తీసుకుంటున్నా. రేపు అవీ బాగుపడతాయి, కాదనను. అయినా మీ ఇంట్లో ఫోన్ పోయినప్పుడు మీ అన్న మొహం ఎట్లా పెట్టాడో నువ్వే కదా చూసింది.

ఆరు పేజీలు అయ్యాక తీసుకురా. ఆదివారం షాపు ఉండదు, మూఢంలో అయితే ఖాళీగానే ఉంటా. మొదటి ఇరవై కాపీల జిరాక్స్ నా ఖర్చు. ఆ తర్వాత కాపీకి రెండు రూపాయలు, నీకైనా సరే.