శనివారం పూట బ్రిటిష్ భోజనం

తప్పు నాదే. టేబుల్ బుక్ చేసేటప్పుడు తేదీ చూశాను, వారం చూడలేదు. నాన్న శనివారం నీచు ముట్టరు. గుడ్డు కూడా తినరు. పెళ్ళి భోజనమైనా సరే, పప్పూ పెరుగుతో సరిపెట్టుకుంటారు.

మేం లీడ్స్‌లో ఉంటాం. జనవరిలో నాన్న కోనసీమ నుంచి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట: "ఇక్కడివాళ్ళు అసలేం తింటారమ్మా? పప్పన్నం మనూళ్ళోనూ దొరుకుతుందిగా." సరేనని ఊరి బయట ఒక చిన్న రెస్టారెంట్ చూశాను. కోట్లూ టైలూ అక్కర్లేదు, చెక్క బల్లలు, మూలన నెగడు. ఏ నెలలో చుట్టుపక్కల ఏం పండితే అదే వండుతారు. మనిషికి 10 పౌండ్లు ముందే కట్టించుకున్నారు. 48 గంటల ముందు చెప్తేనే వెనక్కిస్తారట. శుక్రవారం రాత్రి నాన్న "రేపు శనివారం కదమ్మా" అనేసరికి ఆ గడువు దాటిపోయింది.

పొద్దున్నే ఫోన్ చేస్తే "వెజిటేరియనా? ఏం ఇబ్బంది లేదు" అన్నారు. అంత తేలిగ్గా చెప్పిన మాటని నమ్మకూడదని వెళ్ళాక తెలిసింది.

మెనూ ఒకే ఒక్క కాగితం. పైన ఆ రోజు తేదీ. కింద వంటల పేర్లు లేవు, సరుకులే ఉన్నాయి. సెలెరియాక్, హేజెల్‌నట్, చీజ్. ఫెజెంట్, క్యాబేజీ. నాన్న కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివి, "వంటలు రాశారా, కిరాణా చీటీ రాశారా?" అన్నారు.

ఆర్డర్ తీసుకునే అమ్మాయి చాలా ఓపిగ్గా ఎలర్జీల పట్టిక తెచ్చింది. ఇక్కడి చట్టం ప్రకారం 14 రకాల ఎలర్జీ పదార్థాల గురించి చెప్పి తీరాలి. గోధుమ, పాలు, గుడ్డు, చేప, ఆవాలు, నువ్వులు, అన్నీ ఉన్నాయి. గొడ్డు కొవ్వు మాత్రం ఆ పట్టికలో ఉండదు. అది మనమే నోరు తెరిచి అడగాలి. అడిగాను. ఆమె వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చింది: రోస్ట్ బంగాళాదుంపలు వేయించేది గొడ్డు కొవ్వులోనే. లీక్స్ సూప్‌లో కోడి ఎముకల రసం. ఫోన్లో "ఏం ఇబ్బంది లేదు" అన్నది వీటి గురించే! చీజ్ సంగతీ అడిగాను, ఎందుకంటే పాతకాలపు పద్ధతిలో చేసే చీజ్‌లకి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అదృష్టం, వీళ్ళది వెజిటేరియన్ రెన్నెట్‌తో చేసినదేనట. బంగాళాదుంపలు విడిగా ఉడికించి వెన్న వేసి ఇస్తామన్నారు. నాన్న ఇదంతా వింటూ, "పాపం ఆ పిల్లని వదిలెయ్యమ్మా, ఇంత రొట్టె తిని లేస్తా" అని నాలుగుసార్లు అన్నారు.

సెలెరియాక్ వచ్చింది. మట్టిలోంచి తీసినప్పుడు ముద్దగా, వేళ్ళతో వికారంగా ఉండే దుంప అది. మందంగా కోసి అంచులు ఎర్రబడేదాకా కాల్చారు. "కందకి చుట్టంలా ఉంది" అని నాన్న మొత్తం తినేశారు.

ఈలోపు మా ఆయన చెప్పిన వెల్ష్ రేరిబిట్ వచ్చింది. పేరు 'రాబిట్' లా వినిపిస్తుంది కానీ కుందేలేమీ కాదు, చీజ్‌లో బీరూ ఆవపిండీ కలిపి రొట్టె మీద కాల్చినది. దాంతోపాటు వూస్టర్ సాస్ సీసా పెట్టారు. చేతికందిన ప్రతి సీసా మీదా అక్షరాలు చదవడం నాన్నకి అలవాటు. ఒక్కసారిగా మొహం వెలిగిపోయింది. "ఒరే, చింతపండురా ఇందులో!" నిజమే, ఉంటుంది. మూత తీయబోతూ, చింతపండుకి ముందు లావుపాటి అక్షరాల్లో ఉన్న మాట చదివారు. "ఆంకోవీస్ అంటే?"

"నెత్తళ్ళు నాన్నా."

సీసాని రెండు వేళ్ళతో పట్టుకుని అల్లుడి వైపు జరిపేశారు.

మా ఆయన ఫెజెంట్ తింటుంటే పంటి కింద టక్కుమంది. తీసి పళ్ళెం అంచున పెట్టారు, మిరియపు గింజంత గుండు. తుపాకీతో కొట్టిన పక్షి కాబట్టి గుండ్లు ఉండొచ్చని మెనూ అడుగున రాసే ఉంది. నాన్న ఆ గుండుని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

చివరికి రూబార్బ్. గులాబీ రంగు కాడలు, పక్కన కస్టర్డ్. "కస్టర్డ్‌లో గుడ్డుండదులే, మనింట్లో పౌడరేగా" అన్నారు నాన్న. ఆ పౌడర్‌ని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన కనిపెట్టారు, భార్యకి గుడ్డు పడదని. ఇక్కడ మాత్రం పచ్చసొనతో చేసిన అసలు కస్టర్డ్. దాని బదులు మీగడ అడిగాం. ఈ రూబార్బ్ మా లీడ్స్‌కీ వేక్‌ఫీల్డ్‌కీ మధ్య పొలాలదే. మొక్కల్ని రెండేళ్ళు కోయకుండా పెంచి, మంచు తగలనిచ్చి, తర్వాత చీకటి షెడ్లలోకి మారుస్తారు. వెలుతురు కోసం వెతుక్కుంటూ కాడలు లేతగా పొడుగ్గా సాగుతాయి. కోసేది కూడా కొవ్వొత్తి వెలుగులోనే. 2010లో యూరోపియన్ యూనియన్ దీని పేరుకి రక్షణ ఇచ్చింది, మన ఆత్రేయపురం పూతరేకులకి జీఐ వచ్చినట్టే.

నాన్న స్పూన్ ఆపి విన్నారు. "అంటే తేగల పాతరేనన్నమాట. మనం తాటి టెంకలు మట్టిలో కప్పెట్టి సంక్రాంతికి తవ్వుతాం, వీళ్ళు షెడ్లో పెట్టారు." ఇంకో ముక్క తిని, "గోంగూర పులుపే ఇది. పంచదార వేసి పాడుచేశారు" అన్నారు. అంటూనే గిన్నె ఖాళీ చేశారు.

బిల్లులో సర్వీస్ చార్జి 12.5 శాతం. ఇష్టమైతేనే ఇవ్వమని రాసి ఉంటుంది కానీ, వంటింటికి అన్నిసార్లు తిరిగిన ఆ అమ్మాయి ముందు తీసెయ్యమని ఎలా అంటాం? నాన్న రూపాయల్లో లెక్క కట్టకముందే కార్డు పెట్టేశాను.

బయటికొచ్చి కోటు గుండీలు పెట్టుకుంటూ నాన్న అడిగారు, "ఆ గుండు దెబ్బ పిట్ట ఎప్పటిదాకా దొరుకుతుందన్నావ్?"

"వేట ఫిబ్రవరి 1 దాకా నాన్నా."

"రేపు ఆదివారం. తెరిచే ఉంటారా?"