కొళాయి కారితే ఫోను మనకే

చెన్నైలో అద్దెకివ్వడానికని ఫ్లాటు కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగేది అద్దె ఎంత వస్తుందని. నేను వారిని అడిగేది ఆ ఇంటికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని. మెట్రో వాటర్ (ఊరి నీటి సరఫరా బోర్డు) కనెక్షన్ ఉందా, బోరు ఒక్కటేనా? బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా? ఎండాకాలంలో లారీ నీళ్లకు డబ్బు ఎవరు కడతారు? అద్దెకు దిగినవారు ఎంతకాలం ఉంటారో, మరమ్మతులకు ఏటా ఎంత పోతుందో ఈ జవాబులను బట్టి చాలావరకు చెప్పేయవచ్చు.

నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. కొరట్టూరులో ఒకటి, వేలచ్చేరిలో ఒకటి, రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చాను. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వాటి పనులన్నీ నేనే చూసుకుంటున్నాను. మా అక్క కొడుకు పల్లికరణై వైపు ఒక ఫ్లాటు చూస్తున్నాడు. "పిన్నీ, ఏమేం చూసుకోవాలో కాస్త రాసిపెట్టు" అన్నాడు. రాస్తుంటే ఇది అతనొక్కడికే అక్కర్లేదు, ఇంకా చాలామందికి పనికొస్తుందనిపించింది.

ముందు లెక్క. 70 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2,40,000. అంటే మూడున్నర శాతం కూడా లేదు. అందులోనే కార్పొరేషన్‌కు ఆరు నెలలకోసారి ఆస్తిపన్ను కట్టాలి. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే 20 వేలు పోయినట్టే. కొత్తవారిని తెచ్చినందుకు బ్రోకరుకు ఒక నెల అద్దె ఇస్తే ఇంకో 20 వేలు. ఆ 40 వేలతో బాత్‌రూమ్ కారడం పూర్తిగా ఆపించవచ్చు. మరమ్మతు వాయిదా వేసి, విసిగిపోయిన మంచి కుటుంబాన్ని పోగొట్టుకునే ఓనర్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆదాయపు పన్ను లెక్కలో ఆస్తిపన్ను పోగా మిగిలిన అద్దె మీద 30 శాతం మినహాయింపు ఎలాగూ ఇస్తారు, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. ఆ డబ్బు ఇంటిదే అనుకోండి. నేను ఏటా రెండు నెలల అద్దె విడిగా ఒక ఖాతాలో వేస్తాను, దాన్ని ఇంటి పనికి తప్ప ముట్టుకోను.

నీళ్ల గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో 2019 వేసవిలో ఇక్కడున్నవారికి చెప్పనక్కర్లేదు. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. తెలుగుగంగ కాలువలో కృష్ణ నీళ్లు కండలేరు నుంచి పూండికి ఎప్పుడు వస్తాయా అని ఊరంతా ఎదురుచూసింది. లారీ నీళ్ల ఖర్చు ఎవరిదని ఒప్పందంలో రాసుకోని ఇళ్లలో ఆ నెలల్లోనే గొడవలు మొదలయ్యాయి. నా ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా ఉంటుంది: నెలవారీ మెయింటెనెన్సు, అందులో కలిసే లారీ నీళ్లు అద్దెకున్నవారివి, కొత్త బోరు, మోటారు మార్పు, భవనానికి రంగులు నావి.

ఉప్పు నీళ్లు చేసే నష్టం మెల్లగా బయటపడుతుంది. గీజరు విప్పి చూస్తే కాయిల్ మీద పాత ఇత్తడి బిందె అడుగున పట్టినట్టు తెల్లని పొర గట్టిగా పేరుకుని ఉంటుంది. కొళాయిల లోపలి భాగాలు త్వరగా పాడవుతాయి, షవరు రంధ్రాలు మూసుకుపోతాయి, ఫ్లష్ ట్యాంకు వాల్వు సరిగా మూసుకోక రాత్రంతా నీళ్లు పోతూనే ఉంటాయి. పాత భవనాల్లో ఇనుప పైపులైతే లోపల తుప్పు పట్టి ధార సన్నబడుతుంది. అలాంటి ఇల్లు కొంటే పైపులన్నీ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. సముద్రం పక్కన బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి చోట్ల స్లాబు లోపలి కమ్మీలు కూడా తుప్పు పట్టి ఉబ్బుతాయి, పైకప్పు పెచ్చులు ఊడతాయి. కొత్తగా రంగు వేసి చూపిస్తారు కాబట్టి చూరు కిందా బాల్కనీ అడుగు భాగమూ తప్పకుండా చూడాలి.

బాత్‌రూమ్ విషయంలో మా వీధి ప్లంబరు చెప్పిన మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. "అమ్మా, చెమ్మ కనిపించిన చోట పగలగొట్టొద్దు, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూడాలి" అన్నాడు. నేల మీది తూము బిగించి నీళ్లు నింపి 24 గంటలు వదిలేస్తే కింది ఇంటి పైకప్పు అసలు సంగతి చెప్పేస్తుంది. టైళ్ల సందులు విడిపోయి ఉంటే తక్కువ ఖర్చుతో పూడ్చేయవచ్చు. కింద వేసిన వాటర్‌ప్రూఫింగే పోతే టైళ్లు తీయక తప్పదు. కొనేముందే కింది ఇంటివారిని ఒకసారి పలకరించండి. అమ్మేవారు చెప్పనివి వారు చెబుతారు.

పై అంతస్తు అయితే మిద్దె చూసుకోవాలి. సున్నం, ఇటుక ముక్కల జల్లి వేసి పైన ఎర్ర బిళ్లలు పరిచే పద్ధతి ఇక్కడ ఇప్పటికీ ఉంది. బిళ్లల మధ్య పగుళ్లను, వాన నీరు పోయే గొట్టాలను సెప్టెంబరులోపే చూసుకోవాలి, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాక మేస్త్రీ దొరకడు. కింది అంతస్తు అయితే 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో వాచ్‌మన్‌ను అడగండి. కరెంటు మీటర్ల పెట్టె ఆ మట్టానికి పైన ఉందో లేదో చూడండి. పల్లికరణై అసలే చిత్తడి నేల. మావాడు ఫ్లాటును వానల్లో ఒకసారి చూసి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దన్నాను.

ఇక ఏ మరమ్మతు ఎవరిదన్న తగవు. తమిళనాడులో 2017లో చేసి 2019 ఫిబ్రవరి నుంచి అమలుచేస్తున్న అద్దె చట్టం దీన్ని చాలావరకు తేల్చేసింది. గోడలు, కప్పు, వెల్ల, పైపుల మార్పు, వైరింగు ఓనరువి. కొళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, గీజరు రిపేరు లాంటివి అద్దెకున్నవారివి. ఒప్పందం రాతలో ఉండాలి, అద్దె అధికారి వద్ద నమోదు కావాలి. అద్దె బాకీ పడ్డారని నీళ్లో కరెంటో ఆపే హక్కు మనకు లేదు. ఇల్లు చూడాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఈ చివరిదాన్ని మా తరం ఓనర్లు చాలామంది ఒప్పుకోరు, "మా ఇల్లేగా" అంటారు. అద్దె తీసుకున్నన్నాళ్లూ అది వాళ్ల ఇల్లు. గీజరు చట్టం ప్రకారం వారిదే అయినా నేనే బాగు చేయిస్తాను. ఉప్పు నీళ్ల వల్ల పాడైన దానికి వారిని ఎందుకు బాధ్యులను చేయాలి?

నన్ను అన్నిటికంటే కలచివేసేది పెయింటింగు పేరుతో జరిగే కోత. ఖాళీ చేసేటప్పుడు, అద్దెకు దిగిన రోజు ఇచ్చిన అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పట్టుకోవడం ఈ ఊళ్లో ఆనవాయితీ అయిపోయింది. మనుషులు నాలుగేళ్లు కాపురం ఉన్న గోడ మాయకుండా ఎలా ఉంటుంది? తలుపు విరిగితే, సింకు పగిలితే అడగండి, న్యాయమే. దిగిన రోజు ఇద్దరూ కలిసి గది గదికీ తీసుకున్న ఫోటోలు ఉంటే ఆ మాటా మర్యాదగా తేలిపోతుంది. గోడ రంగు మాత్రం మన ఖర్చే. పది నెలల అడ్వాన్సు అడిగే పాత అలవాటు కూడా వదిలేయండి. చట్టం చెప్పిన మూడు నెలలు సరిపోతాయి.

ఎవరికివ్వాలన్నదానికి నా దగ్గర పెద్ద సూత్రాలేమీ లేవు. ఏం పని చేస్తారు, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందున్న ఇంటి ఓనరు నంబరు ఇస్తారా అని అడుగుతాను. ఆ ఓనరుతో మాట్లాడతాను, వివరాలు పోలీసు స్టేషన్‌లో ఇస్తాను. కులం అడగను, ఏం వండుకుంటారో అడగను. నెల్లూరు నుంచి వచ్చిన నర్సు అమ్మాయిలు కొరట్టూరు ఇంట్లో ఉన్నన్నాళ్లూ వంటింటి గట్టు అద్దంలా ఉంచారు. పెళ్లికానివారికి ఇవ్వవద్దని చెప్పినవారి మాట వినకపోవడమే మంచిదైంది.

ఒప్పందం ఏప్రిల్‌లోనో మేలోనో ముగిసేలా రాసుకోవడం మేలు. పిల్లల బడి మార్పులన్నీ అప్పుడే. జూన్ చివరలో మనవారికి ఆషాఢం, వెంటనే తమిళులకు ఆడి మాసం, ఆగస్టు మధ్యదాకా ఇల్లు మారేవారు తక్కువ. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకూ ఇదే పరిస్థితి.

ఖాళీ చేసే రోజున కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకోండి. బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది కాబట్టి చివరి బిల్లుకు ఒక మొత్తం అంచనా వేసి అట్టిపెట్టుకుని, మిగిలిన అడ్వాన్సు తాళాలు అందిన రోజే పంపేయండి. బిల్లు వచ్చాక మిగిలిందీ పంపండి. వేలచ్చేరి ఇంట్లో ఇప్పుడున్నవారిని పంపింది అంతకుముందు ఖాళీ చేసి వెళ్లినవారే.