ఇంటి కుబెర్నెటిస్ క్లస్టర్: వేదిక ఎంపిక

కంటైనర్లలోని అప్లికేషన్లను పలు యంత్రాలపై నడిపించే కుబెర్నెటిస్ క్లస్టర్‌ను దేనిపై నిలపాలన్న ప్రశ్న ఈ విడతలో ఒక కొలిక్కి వచ్చింది. అద్దె క్లౌడ్, సింగిల్ బోర్డు కంప్యూటర్లు, ఒకే యంత్రంలో ప్రాక్స్‌మాక్స్ అనే వర్చువలైజేషన్ వేదికపై నడిచే వర్చువల్ మెషీన్లు అనే మూడు దారులను పరిశీలించాక, ప్రాసెసర్ కంటే డిస్కునే ముందుగా చూడాలని తేలింది.

క్లస్టర్ స్థితినంతా దాచుకునే ఈటీసీడీ, ప్రతి మార్పూ డిస్కుకు చేరిందని నిర్ధారించుకున్నాకే ముందుకు కదులుతుంది. అందువల్ల 99 శాతం సందర్భాల్లో ఎఫ్‌సింక్ (రాతను నిజంగా డిస్కుకు చేర్చే చర్య) 10 మిల్లీసెకన్లలోపు ముగియాలని దాని మార్గదర్శకాలు సూచిస్తాయి. డిస్కు వేగాన్ని పరీక్షించే ఫియో సాఫ్ట్‌వేర్‌తో కొలిచినప్పుడు ఎన్‌వీఎంఈ డిస్కు ఆ పరిమితికి ఎంతో లోపల నిలిచింది. బోర్డులోని మెమరీ కార్డు మాత్రం తరచుగా దాటిపోయింది. రాతలు ఆలస్యమైతే హార్ట్‌బీట్లు (ఈటీసీడీ సభ్యుల్లో లీడర్‌గా ఉన్నది మిగతావాటికి పంపే ‘ఉన్నాను’ సంకేతాలు) ఆలస్యమవుతాయి, డిఫాల్టుగా ఉన్న 1000 మిల్లీసెకన్ల గడువు దాటితే లీడర్ ఎన్నిక మళ్లీ మొదలవుతుంది, ఆ కాసేపూ క్లస్టర్‌కు వచ్చే ఆదేశాలను అందుకునే ఏపీఐ సర్వర్ రాతలను స్వీకరించలేదు. అందుకే కార్డుతో నడిచే బోర్డులను పక్కన పెట్టాను.

క్లౌడ్‌లోని మేనేజ్డ్ సేవ కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ను నియంత్రించే భాగం) భారాన్ని పూర్తిగా తీసుకుంటుంది, వచ్చే అభ్యర్థనలను పంచే లోడ్ బ్యాలెన్సర్‌కు బయటి చిరునామాను కూడా తానే ఇస్తుంది. పని జరిగితే చాలనుకునేవారికి అదే సరైనది. ఈటీసీడీ బ్యాకప్, అప్‌గ్రేడ్ వంటివి చేతులారా చేయడమే నా సరదా కనుక నాకది నప్పలేదు.

చివరకు మూడు వర్చువల్ మెషీన్లపై కుబెర్నెటిస్ తేలికపాటి రూపమైన కే3ఎస్ పెట్టాను. అది ఒకే సర్వర్ ఉన్నప్పుడు డిఫాల్టుగా ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడుతుంది కాబట్టి, మొదటి నోడ్‌ను (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్‌ను నోడ్ అంటారు) క్లస్టర్-ఇనిట్ ఆప్షన్‌తో ప్రారంభించి ఈటీసీడీని ఎంచుకోవాలి. మూడు నోడ్లలో ఒకటి పోయినా కోరమ్ (నిర్ణయానికి కావలసిన మెజారిటీ) నిలుస్తుంది. నాలుగో నోడ్ చేర్చినా తట్టుకోగలిగేది ఒక్కదాని నష్టాన్నే. అయితే అసలు యంత్రమే ఆగితే మూడూ కలిసే ఆగుతాయి గనుక, ఇక్కడి కోరమ్ నేర్చుకోవడానికే తప్ప రక్షణకు కాదు.

లోడ్ బ్యాలెన్సర్ పనికి, కే3ఎస్‌తో వచ్చే సర్వీస్‌ఎల్‌బీని ఆపి, సొంత యంత్రాలపై ఆ పని చేసే మెటల్‌ఎల్‌బీని లేయర్ 2 పద్ధతిలో (ఇంటి నెట్‌వర్క్‌లోనే ఒక నోడ్ ఆ చిరునామా తనదని చెప్పేలా) అమర్చాను. దానికిచ్చే చిరునామాలు రౌటర్ పరికరాలకు తానే పంచే చిరునామాల (డీహెచ్‌సీపీ) శ్రేణికి బయట ఉండాలి, లేకుంటే ఒకే చిరునామా రెండు చోట్లకు వెళ్లే ప్రమాదముంది.

స్టోరేజీ ఇంకా తేలలేదు. డేటాను పలు నోడ్లలో నిల్వ చేసే లాంగ్‌హార్న్ డిఫాల్టుగా మూడు ప్రతులు ఉంచుతుంది, కానీ అవన్నీ ఒకే డిస్కుపై పడితే స్థలం మూడింతలు ఖర్చవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ప్రస్తుతానికి ఆయా నోడ్ డిస్కునే వాడే లోకల్-పాత్‌తోనే నడుపుతూ, ఈటీసీడీ స్నాప్‌షాట్లను వేరే యంత్రానికి పంపుతున్నాను. వాటి నుంచి క్లస్టర్‌ను తిరిగి నిలబెట్టి చూడడం తరువాతి పని.