దీక్ష నోటుబుక్కులు మళ్ళీ చదివాక

"ఈ ఏడు కన్నెస్వాములకు దీక్ష గురించి నువ్వే చెప్పాలి స్వామీ" అన్నారు మా గురుస్వామి. గుంటూరులో మా బృందంతో ఏటా కొందరు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకుంటారు. వాళ్ళకు ఏం చెప్పాలా అని నా పాత నోటుబుక్కులు బయటికి తీశాను. మాల వేసుకున్న ప్రతి ఏడూ, మండలం 41 రోజులూ, పడుకోబోయే ముందు నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు అలవాటు.

మొదట ఏడాది వరసలో చదివాను. ఏమీ అందలేదు. చన్నీళ్ళ స్నానం, నేల పడక, చెప్పుల్లేక మండిన కాళ్ళు, చెంగన్నూర్‌లో రైలు దిగిన వేళ. అన్ని పుస్తకాలూ ఒకేలా కనిపించాయి. ఇలా కాదని, శబరిమలలో పంబ నుంచి నీలిమల కొండ ఎక్కిన రోజు పేజీలు మాత్రం తెరిచి, పుస్తకాలన్నీ పక్కపక్కనే పరిచాను.

మొదటి పుస్తకంలో ఇలా ఉంది: "డోలీలకు దారి ఇవ్వడానికి మాటిమాటికీ ఆగాల్సి వచ్చింది. దర్శనం లేటవుతుందని టెన్షన్." చాలా ఏళ్ళ తర్వాత అదే దారి గురించి రాసుకున్నది ఇది: "డోలీ మోసే నలుగురిలో పెద్దాయన అప్పాచిమేడు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. భుజం మీద మడత పెట్టుకున్న తువ్వాలు చెమటకు నానిపోయింది. ఆయన మళ్ళీ భుజం పెట్టేదాకా మేమంతా నిలబడ్డాం." ఈ రెండు పేజీల మధ్య నాలో ఏదో కదిలింది. అది ఫలానా రోజు జరిగిందని ఏ పేజీలోనూ లేదు.

నెత్తిన మోసుకెళ్ళే రెండు ముళ్ళ మూట ఇరుముడిలో ముందు ముడి స్వామిది. కన్ను తొలిచి, నీళ్ళు తీసేసి, నెయ్యి నింపి బిరడా పెట్టిన కొబ్బరికాయ అందులోనే ఉంటుంది. వెనక ముడిలో మన దారి బత్తెం. నా తొలి పుస్తకాల నిండా వెనక ముడే! ట్రాన్స్‌ఫర్, ఇంటి లోను, అబ్బాయి సీటు. అడగడం తప్పని నేననను, కష్టమొస్తే స్వామినే అడుగుతాం. కానీ రాను రాను ఆ కోరికల జాబితా చిన్నదైంది, వేరేవాళ్ళ పేర్లు పెరిగాయి.

అన్నిటికంటే నన్ను ఆపేసింది మా ఆవిడ సంగతి. మొదటి పుస్తకాల్లో ఆమె ఊసే లేదు. తెల్లవారుజామున నాకంటే ముందు లేచి, తలస్నానం చేసి, మడిగా వండి పెట్టింది ఆమె. తర్వాతి పుస్తకాల్లో దాదాపు ప్రతి పేజీలో ఉంది. ఒకచోట "ఆమెదీ దీక్షే, మెడలో మాల లేదంతే" అని రాశాను. ఈ వాక్యం కన్నెస్వాములకు తప్పకుండా చదివి వినిపించాలి. మిగతా నియమాలు ఎవరైనా చెబుతారు.

2020 పుస్తకం వేరుగా ఉంది. కోవిడ్ వల్ల సీజన్ మొదట్లో మామూలు రోజుల్లో వెయ్యి మందికే అనుమతి, నెగెటివ్ సర్టిఫికెట్ తప్పనిసరి. మా బృందం కొండకు వెళ్ళలేదు. ఊళ్ళో గుడిలోనే ఇరుముడి సమర్పించాం. ఆ పేజీల్లో బాధ ఉంటుందనుకుని తెరిచాను. "పద్దెనిమిది మెట్లు ఎక్కకుండానే మనసు నిండింది. ఎందుకో అడగాలనిపించలేదు" అని ఉంది. సన్నిధానం ముందు రాసి ఉన్న "తత్త్వమసి" ఎన్నిసార్లు చదివానో. దాని దగ్గరికి కాస్తయినా వెళ్ళింది ఆ ఏడే అనిపిస్తుంది.

ఇంకో తేడా ఉంది. పాత పుస్తకాలు మాల తీసిన రోజుతో ఆగిపోయాయి. ఈమధ్యవి ఆ తర్వాత కూడా సాగుతున్నాయి. ఆఫీసులో కోపమొచ్చిన రోజూ, రాకుండా నిభాయించుకున్న రోజూ రెండూ రాశాను. మాలలో ఉన్న మనిషి, మాల తీసిన మనిషి అని నేను ఇద్దరుగా బతకడం తగ్గిందని వాటిని చూస్తే తెలుస్తోంది.

మారనిది కూడా కనిపించింది. పొలం పంపకాలప్పటి నుంచి మా అన్నయ్యతో మాటల్లేవు. ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట "ఈసారైనా అన్నయ్యను పిలవాలి" అని ఉంది. మొన్న ఆదివారం ఫోన్ చేశాను. ఇరుముడి కట్టే రోజు వచ్చి బియ్యం పోయమన్నాను. కాసేపు ఆగి, ఏ టైముకు రావాలని అడిగాడు.