చేపల చెరువు అనుమతి: కోస్తా కొలతలు, సీమ పొలాలు

చేపల సాగు అనగానే మన రాష్ట్రంలో అందరి చూపూ కొల్లేరు, భీమవరాల వైపే పోతుంది. నిబంధనలు రాసినవారి చూపు కూడా అటే పోయిందన్న సంగతి మాత్రం, మా కడప జిల్లాలో ఒక రైతు చెరువు తవ్వుకుందామని కాగితాల వెంట తిరిగినప్పుడే అర్థమవుతుంది. సముద్రతీరంలో ఉప్పునీటి సాగుకు 2005 నాటి కేంద్ర చట్టం, దాని కింద కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఉన్నాయి. మాకు సముద్రం లేదు కనుక, మంచినీటి చెరువుకు అనుమతి ఇవ్వడమూ ఆపడమూ రాష్ట్రం చేతిలోని పనే.

పట్టా భూమిని చెరువుగా మార్చాలంటే రెవెన్యూ, మత్స్య, నీటిపారుదల, భూగర్భజల శాఖలవారు స్థలం చూసి అభిప్రాయం చెప్పాలి. ఆపైన ఫైలు జిల్లా స్థాయికి చేరాలి. ఇంత జాగ్రత్త అర్థం లేనిదని నేను అనను. వరి మాగాణుల మధ్య చెరువు తవ్వితే పక్క చేలు ఊటెక్కుతాయి, చెరువులోంచి వదిలిన నీరు కాలువలను పాడుచేస్తుంది. అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరులో అడ్డూ అదుపూ లేకుండా చెరువులు లేచాక, 2006లో ప్రభుత్వమే గట్లు తెగ్గొట్టించాల్సి వచ్చింది.

అయితే మైదుకూరు వైపు మా బంధువు ఒకరికి ఉన్నది కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) చివరి ఆయకట్టులో చౌడెక్కిన నేల. అక్కడ వరి పెరగదు, పక్కన చెడిపోయే పంటా లేదు. ఆయన దరఖాస్తు కూడా మాగాణి రైతు దరఖాస్తు నడిచిన దారిలోనే, అంతే నిదానంగా నడిచింది. ఒక శాఖ సంతకం వచ్చేసరికి మరో శాఖలో అధికారి బదిలీ అయ్యారు. కొత్తవారు స్థలాన్ని మళ్లీ చూస్తామన్నారు. బొచ్చె, రాగండి పిల్లలను వానాకాలంలో వదిలితే చలి ముదిరేలోపు కొంత ఎదుగుతాయి. ఆ అదను దాటాక వచ్చిన అనుమతి, రైతు లెక్కలో, మరుసటి ఏడాది అనుమతే. ఈలోగా ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద రావాల్సిన రాయితీ (సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం) కూడా ఆ కాగితం కోసమే ఆగుతుంది.

2020లో రాష్ట్రం ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం తెచ్చి, లైసెన్సులను ఒకే చోటికి చేర్చే ప్రయత్నం చేసింది. మంచి పనే. కానీ దరఖాస్తు పెట్టే కిటికీ ఒకటే అయినా, దాని వెనక పొలానికి వచ్చి చూడాల్సిన మనుషులు వేర్వేరు శాఖల్లోనే ఉన్నారు, వారి తీరికా వేర్వేరే. వారంతా ఒకే రోజున వచ్చి, ఒకే నివేదిక మీద సంతకాలు చేసే పద్ధతి పెడితే సగం జాప్యం అక్కడే తీరుతుందని నా అభిప్రాయం. గడువులోగా ఏ శాఖైనా బదులు ఇవ్వకపోతే అభ్యంతరం లేనట్టే భావించాలన్న నియమం కూడా ఉండాలి.

ఒక్క భూగర్భజల శాఖకు మాత్రం ఈ సడలింపు ఇవ్వకూడదు. బోర్లు ఎండి చీనీ (బత్తాయి) తోటలు నరికేసుకున్న ఊళ్లు మాకు కొత్త కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరుకు అనుమతి కావాలన్నది ఇందుకే. బోరు నీటితో ఎకరాలకు ఎకరాలు చెరువు నింపుతానంటే, ఎంత ఆలస్యమైనా సరే, లోతుగా చూడాల్సిందే. వాననీటి కుంటలోనో, కాలువ నీరు చేరే చౌడు నేలలోనో అరెకరం చెరువు పెట్టుకునే రైతును మాత్రం లైసెన్సు జోలికి పోనివ్వకుండా, నమోదుతో వదిలేయవచ్చు.

ఆలస్యం వల్ల ఆగేది నియమం పాటించే రైతు ఒక్కడే. నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచి, కోళ్ల వ్యర్థాలు మేపేవాడు ఏ కమిటీకీ దరఖాస్తు పెట్టడు. అలాంటి చెరువులను వెతికి పట్టుకోవాల్సిన మత్స్యశాఖ సిబ్బందే చౌడు నేలలో చెరువు కొలతలు రెండోసారి తీసుకుంటూ ఉంటారు.