క్యాలెండర్ చూడొద్దు, కాగితం చూడు

నెలసరికి వారం పది రోజుల ముందే నాకు మొదలయ్యేది. రొమ్ముల సలుపు, పొట్ట ఉబ్బరం, నిద్ర పట్టకపోవడం. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కోపమే నా చేతుల్లో ఉండేది కాదు. కుక్కర్ మూత పట్టలేదని కింద కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. బహిష్టు వచ్చిన రెండో రోజుకు మబ్బు విడిచినట్టు మళ్లీ మామూలు మనిషిని.

మా ఆయన "నీకు ఎందుకు కోపమొస్తాదో దేవునికే తెలియాల" అని బండి తీసుకుని ఏడు రోడ్ల వైపు పోయేవాడు. అట్లా బయటికి పోతే నాకింకా మండేది. అత్త దేవుని కడపలో మొక్కుకోమనింది. అమ్మదేమో "ఆడపుట్టుకన్నాక అందరికీ ఉండేదే" అనే పాత పాట. మొదట చూపించుకున్న డాక్టరు టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పి బలం మాత్రలు రాసి పంపించాడు.

తర్వాత చూపించుకున్న మేడమ్ థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించి, రెండు నెలలు ఏ రోజు ఎట్లా ఉందో రోజూ రాయమంది. ఆ రాత చూశాకే నెలసరికి ముందు వచ్చే ఈ ఇబ్బందుల్లో (పీఎంఎస్ అంటారు) తీవ్రమైన రకం, పీఎండీడీ అని తేల్చింది. అమెరికా మానసిక వైద్యులు వాడే జబ్బుల పుస్తకం డీఎస్ఎమ్-5లో 2013లో దీన్ని ప్రత్యేక జబ్బుగా చేర్చారు. హార్మోన్లు ఎక్కువా కాదు, తక్కువా కాదట. అండం విడుదలయ్యాక వాటిలో వచ్చే మార్పును కొందరి మెదడు తట్టుకోలేదు, అంతే.

ఆ రోజు మా ఆయన్ని కూడా లోపలికి పిలిపించింది. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట: "అయితే ఈమె కావాలని చేయదా మేడమ్?" ఇన్నేళ్ల కాపురంలో ఆయన మనసులో ఉన్నది అదన్నమాట! గొడవ ముదిరితే బయటికి పోవద్దు, కాసేపాగి మాట్లాడదామని చెప్పి ఇంట్లోనే ఉండు అని ఆయనకు చెప్పింది. నాకు మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మాత్ర రాసింది, అండం విడుదలయ్యే సమయం నుంచి నెలసరి వచ్చేదాకా మాత్రమే. డిప్రెషన్‌కైతే ఈ మందు పనిచేయడానికి వారాలు పడుతుంది, దీనికి రోజుల్లోనే గుణం కనిపిస్తుందని చెప్పింది. నాకట్లాగే కనిపించింది.

ఆయన గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే పెన్సిల్‌తో సున్నాలు చుట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో పిల్లోని హోంవర్క్ ఆయనదే. బాగానే ఉండింది, మా మరిది చీటీకి జామీను అడిగేదాకా. నేను వద్దంటే ఈయన నా మొహం చూడకుండా గోడ వైపు చూసి "డేటు దగ్గరపడిందా?" అన్నాడు. "క్యాలెండర్ కాదు, ఆ చీటీ కాగితం చూడు" అన్నాను.

మళ్లీ పోయినప్పుడు మేడమ్‌కు ఇది కూడా చెప్పాను. ఆ రోజుల్లో కోపం పెద్దదైనా కారణం నిజమైనదే కావచ్చునని ఆమె ఆయనకు గట్టిగానే చెప్పింది. ఆస్ట్రేలియాలో జేన్ అషర్, జానెట్ పెర్జ్ 2017లో ప్రచురించిన అధ్యయనం గురించి తర్వాత చదివాను. భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తే ఆడమనిషికి ఒక్కదానికే ఇచ్చినప్పటికంటే వాళ్ల మధ్య సఖ్యత ఎక్కువ మెరుగుపడిందట. మాకు మాత్రం మేడమ్ గదిలో ఆ రెండు కుర్చీలే కౌన్సెలింగ్.

నెలసరి అయిపోయాక ఆయన జామీను సంగతి మళ్లీ అడిగాడు. అప్పుడూ వద్దనే అన్నాను. సంతకం పెట్టలేదు. మరిది ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడడు.